మీటర్లో అంకె చూసి కారు కొనకండి (సెకండ్ హ్యాండ్ బండ్లు: అపోహలు - వాస్తవాలు)

పోయిన వారం తాడిపత్రి వైపు నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, భార్యతో కలిసి మా షెడ్డుకు వచ్చారు. పది రోజుల కిందట కొన్న కారు. "క్లచ్ కొంచెం గట్టిగా ఉంది నాయనా, చూడు" అన్నారు. తలుపు తీసి సీట్లో కూర్చోగానే నాకు విషయం అర్థమైపోయింది. మీటర్లో 31 వేల చిల్లర కిలోమీటర్లు ఉన్నాయి. బ్రేకు పెడల్ రబ్బరు కొత్తది, క్లచ్ పెడల్ రబ్బరేమో అరిగిపోయి ఇనుము కనిపిస్తోంది. స్టీరింగ్ మీద బిగించిన కవరు విప్పి చూస్తే లోపల గరుకు అన్నదే లేదు, అద్దంలా నున్నగా ఉంది.

"అమ్మినాయన ఏం చేస్తారు సార్?" అని అడిగా.

"మంచివాళ్ళేనయ్యా. కొడుకు బెంగళూరులో ఉద్యోగం, నెలకు రెండుసార్లు ఈ కారులోనే వెళ్ళొస్తారంట."

అనంతపురం నుంచి బెంగళూరు పోయి రావడానికి సుమారు 420 కిలోమీటర్లు. నెలకు రెండుసార్లంటే ఏడాదికి పది వేలు. బండికి 6 ఏళ్ళు. ఒక్క బెంగళూరు లెక్కే 60 వేలు అయింది, మరి మీటర్లో 31 వేలెలా ఉంటాయి? నేను చెప్పలేదు, ఆయనే నోట్లో లెక్క వేసుకుని ఆగిపోయారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. ఆ తర్వాత ఆయన ముఖం చూడటానికి నాకే ఇబ్బంది అనిపించింది.

ఇరవై ఏళ్ళకు పైగా అనంతపురంలో షెడ్డు నడుపుతున్నా. మూడు నాలుగు లక్షల్లో ఇంటిల్లిపాదికీ సరిపోయే బండి కావాలని వచ్చేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న మారలేదు. "అన్నా, ఎంత తిరిగింది?" బ్రేకులు ఎలా ఉన్నాయి, ఏసీ ఎలా ఉంది, వెనక సీట్లో అమ్మ కూర్చోగలదా, ఇవన్నీ తర్వాత. కొనేవాళ్ళకు కావలసిన అంకె ఏదో అమ్మేవాళ్ళకు బాగా తెలుసు, అందుకే ఆ అంకే పెట్టి ఇస్తున్నారు.

అపోహ: తక్కువ తిరిగిన బండే మంచి బండి, లక్ష దాటితే ఇంజిన్ పోయినట్టే.

వాస్తవం ఏమిటంటే, కారులో అన్నిటికంటే చౌకగా మార్చగలిగింది ఆ అంకే. పాతకాలపు ముళ్ళ మీటర్లను చేత్తో తిప్పేవాళ్ళు, ఇప్పుడు డిజిటల్ కదా, మార్చలేరు అనుకుంటారు చాలామంది. ఉల్టా. ఆ అంకె మీటర్ లోపల చిన్న చిప్‌లో ఉంటుంది, ల్యాప్‌టాప్ తగిలించి మార్చేవాళ్ళు ఉన్నారు, ఒక టైరు ఖరీదు కూడా కాదు. ఆ ఖర్చుతో బండి ధర ఎనభై వేలో లక్షో పెరుగుతుంటే ఎవడు ఊరుకుంటాడు చెప్పండి?

లక్ష అంటే ఎందుకంత టెన్షనో నాకు అర్థం కాదు. వేళకు ఆయిల్ మార్చి, కూలెంట్ చూసుకున్న పెట్రోల్ ఇంజిన్ రెండు లక్షలు దాటి హాయిగా తిరుగుతుంది. 44వ నంబర్ హైవే మీద మీ పక్కనుంచి దూసుకుపోయే ట్యాక్సీల్లో మూడు లక్షలు దాటినవి బోలెడు. పైగా కిలోమీటర్లన్నీ ఒకటి కాదు. సిటీ ట్రాఫిక్‌లో సగటున గంటకు 30 చొప్పున 40 వేలు తిరిగిన బండి ఇంజిన్ సుమారు 1,333 గంటలు పనిచేసినట్టు. కర్నూలు, హైదరాబాదు అంటూ హైవే మీద గంటకు 70 చొప్పున లక్ష తిరిగిన బండి ఇంజిన్ పనిచేసింది 1,430 గంటలు. తేడా పెద్దగా లేదు, కానీ మొదటి బండి క్లచ్చూ బ్రేకులూ తిన్న దెబ్బలు రెండోది తినలేదు. మీటర్ చూసి కొనేవాళ్ళు మొదటిదాన్నే ఎక్కువ ధర పెట్టి తీసుకుంటారు.

నిజంగానే తక్కువ తిరిగిన బండ్లు లేవా అంటే ఉన్నాయి. వాటి బాధ వేరు. కడప నుంచి ఒకటి వచ్చింది, పిల్లలు విదేశాల్లో, పెద్దాయన నడపలేడు, మూడేళ్ళు షెడ్డులో కవరు కప్పి పెట్టారు. 18 వేలు, నిజమైన 18 వేలు. టైర్లు గట్టిపడి పగుళ్ళిచ్చాయి, బ్యాటరీ చచ్చింది, బ్రేకులు పట్టేశాయి, ఆయిల్ సీళ్ళు ఎండిపోయి కారడం మొదలుపెట్టాయి, బానెట్ తీస్తే ఎలుకలు వైరింగ్ కొరికేశాయి. అలాంటిది కొనకూడదని కాదు, ఈ పనులన్నిటి ఖర్చూ ధరలోంచి తీసేసి కొనాలి.

మరి అంకె నిజమో కాదో ఎలా తెలియాలి? పూర్తిగా తేల్చే మంత్రం ఏదీ లేదు, నాలుగైదు సాక్ష్యాలు కలిపి చూడాలి. ముందు సీటు కవర్లూ స్టీరింగ్ కవరూ విప్పించండి, ఇబ్బంది పడకండి, డబ్బు మీది. డ్రైవరు సీటు తలుపు వైపు అంచు నలిగి కుంగిపోయి ఉందా, గేరు నాబ్ మీద అంకెలు చెరిగిపోయాయా, పెడల్ రబ్బర్లు అరిగాయా. 30 వేల బండికి కొత్త పెడల్ రబ్బరు ఎందుకు వేయాల్సి వచ్చిందో అడగండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది అని. 2017 బండి, 25 వేలే తిరిగిందంటారు, నాలుగు టైర్లూ 2021వి. మామూలుగా కారు టైరు నలభై వేల పైనే వస్తుంది, మరి పాతవి ఏమయ్యాయి? టైర్లు వయసు వల్ల కూడా మారుస్తారు కాబట్టి దీని ఒక్కదాని మీదే తీర్పు చెప్పకండి.

సర్వీసు బిల్లులు అడగండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేయించి ఉంటే ప్రతిసారీ రీడింగ్ రాసి ఉంటుంది. బిల్లులు పోయాయి అంటే, ఆర్సీ ఓనరునే తీసుకెళ్ళి అక్కడ అడిగించండి. ఇంకొకటి, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్. ఇది ఎవరూ అడగరు. మరూరు టోలు, కాసేపల్లి టోలు వారానికి రెండుసార్లు దాటిన బండి "ఇల్లు, ఆఫీసు తప్ప ఎక్కడికీ పోలేదన్నా" అంటే ఆ కాగితమే జవాబు చెబుతుంది. నిజాయితీగా అమ్మేవాడు ఫోన్లో తీసి చూపించడానికి రెండు నిమిషాలు పట్టదు. నీళ్ళు నమిలాడంటే ఆ బండి వదిలేయండి.

ఇంత చెబుతున్నా కదా, నేను మోసపోలేదా అంటే మోసపోయా. పదేళ్ళ కిందటి మాట. మా బావమరిది ధర్మవరంలో చీరల వ్యాపారం చేస్తాడు, పిల్లలు పుట్టాక కారు కొంటానన్నాడు. రెండు చూశాం. ఒకటి బ్యాంకు ఉద్యోగిది, 1,10,000 తిరిగింది, ఆయన మొదటి సర్వీసు నుంచి ప్రతి బిల్లూ ఫైల్లో తారీఖు ప్రకారం పెట్టుకున్నాడు. రెండోది 36 వేలు, తెల్లగా మెరుస్తోంది, ఇంజిన్ సౌండే లేదు. నేను, మెకానిక్కును, రెండోది తీసుకోమన్నా. చిక్కటి ఆయిల్ పోసి సౌండ్ అణిచారని అప్పటికి నాకు తట్టలేదు, మేం వెళ్ళేసరికే ఇంజిన్ స్టార్ట్ చేసి వేడిగా ఉంచారన్నదీ పట్టించుకోలేదు. నాలుగో నెలలో, మే ఎండల్లో, తిరుపతి పోతూ కదిరి దాటాక ఇంజిన్ పైభాగాన్ని మూసి ఉంచే సీలు, హెడ్ గ్యాస్కెట్, పోయింది. చంటిపిల్లతో రోడ్డు పక్కన మూడు గంటలు. మొత్తం పనికి యాభై వేలు దాటాయి, మా చెల్లెలు నాతో నెలరోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆ 1,10,000 బండి ఏమైందంటారా? కళ్యాణదుర్గం రోడ్డులో ఒకాయన కొన్నాడు. ఇప్పటికీ నా దగ్గరికే సర్వీసుకు వస్తుంది, 2,40,000 దాటింది. వచ్చినప్పుడల్లా ఆయన "మీ బావమరిది బాగున్నాడా అన్నా" అని అడుగుతాడు.

అప్పటినుంచి బండి చూడటానికి పొద్దున్నే వెళ్తా, స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్లో చెప్తా, వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెడతా. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే లోపాలు బయటపడతాయి, వేడిగా ఉంటే టీ తాగి వెనక్కి వచ్చేస్తా.

మిగతా అపోహలు గబగబా.

డీజిలైతే మిగులుతుంది అంటారు. రోజూ ఊళ్ళో పది కిలోమీటర్లు తిరిగే ఇంటికి మిగలదు. ఇంజెక్టర్లు, టర్బో పోతే ఒక్క బిల్లుతో రెండేళ్ళ ఆదా కొట్టుకుపోతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిళ్ళలో పొగ ఫిల్టర్ ఉంటుంది, చిన్న చిన్న దూరాలు తిప్పితే అది మూసుకుపోతుంది. ఢిల్లీ నుంచి చౌకగా వచ్చే డీజిల్ బండ్లు ఎందుకంత చౌకో కూడా తెలుసుకోండి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్‌పై నిషేధం పెట్టారు, అందుకే పంపించేస్తూ వచ్చారు.

సింగిల్ ఓనర్ అంటే బంగారం కాదు, ఆ ఒక్క ఓనరే ఆయిల్ మార్చని మనిషి అయి ఉండొచ్చు.

కేఏ నంబరు బండి మన దగ్గర చాలా కనిపిస్తుంది, బళ్ళారి, బెంగళూరు దగ్గరే కాబట్టి. లక్ష తక్కువ అని తెచ్చుకుంటారు. అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదన్న కాగితం, ఎన్‌ఓసీ తేవాలి, 12 నెలలు దాటి ఇక్కడే తిప్పితే ఇక్కడ నంబరు మార్చాలి, లైఫ్ ట్యాక్స్ మళ్ళీ ఇక్కడ కట్టాలి. కర్ణాటకలో కట్టినదాంట్లో మిగిలింది వెనక్కి అడగొచ్చు, దానికి తిరిగే ఓపిక కావాలి. ఇవన్నీ కలిపి అప్పుడు చెప్పండి చౌకో కాదో.

ఓనరు పేరు మార్చే కాగితాలు, ఫారం 29, 30, సంతకాలు చేసిచ్చారు, పేరు తర్వాత మార్చుకుందాం అంటారు. అసలు వద్దు. అమ్మేవాళ్ళకు ఇంకా చెబుతున్నా: ఆర్సీలో పేరు ఎవరిది ఉంటే యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్ళదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి ఎవరికో అమ్మేసి మూడేళ్ళ తర్వాత కోర్టు నోటీసు అందుకున్న మనిషిని నేను చూశా, ఆ వయసులో ఆయనకు ఆ తిరుగుడు అవసరమా. లోను ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్సీలోంచి లోను తీసేయించే ఫారం 35 చేతికి వచ్చాకే మొత్తం డబ్బు ఇవ్వండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, మాత్రం పాత ఓనరుదే, మీకు రాదు.

పెద్ద బండి అయితేనే కంఫర్ట్ అన్నది కూడా తప్పే. నాలుగు లక్షల్లో దొరికే ఏడు సీట్ల పెద్ద బండి ఎక్కువగా ట్యాక్సీకి తిరిగి తిరిగి వచ్చింది అయి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు వేగనార్ లాంటి ఎత్తు సీటు బండే సుఖం, ఒంగి దిగక్కర్లేదు, మీ అమ్మగారిని తీసుకెళ్ళి ఎక్కించి దించి చూడండి, అదే అసలు టెస్ట్ డ్రైవ్. రెండో టెస్టు ఏసీది. పొద్దున కాదు, మధ్యాహ్నం రెండు గంటలకు, ఎండలో నిలబెట్టి పది నిమిషాలు ఏసీ వేసి కూర్చోండి. మన అనంతపురం ఎండకు చల్లబడకపోయినా, ఇంజిన్ టెంపరేచర్ పైకి పోతున్నా బేరం అక్కడే ఆపేయండి. మూడోది, సిమెంటు రోడ్డు మీద కాదు, గుంతలున్న సందులో నడపండి. టక టక అంటే చక్రాల దగ్గరి సస్పెన్షన్ భాగాలు, బుష్షులూ లింకు రాడ్లూ, అయిపోయినట్టు, అది బాగయ్యే పనే, కానీ ధర తగ్గించుకోవాలి.

మాస్టారి సంగతి చెప్పలేదు కదా. ఆర్సీ ఇప్పుడు ఆయన పేరు మీదే ఉంది కాబట్టి సర్వీస్ సెంటర్‌కు పంపా. బండి నాలుగేళ్ళ వయసులో చేసిన ఆఖరి సర్వీసులో 84 వేలు నమోదై ఉంది. ఇంజిన్ నేను చూశా, బాగానే ఉంది. "బండి చెడ్డది కాదమ్మా, ధరే ఎక్కువ పెట్టారు" అని మేడం గారికి చెప్పా, ఆమె అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. క్లచ్ సెట్టు వేశాం, కూలెంటూ బ్రేకు ఆయిలూ మార్చాం, ఇంజిన్ ఆయిల్ పోశాక బానెట్ కింద స్టిక్కర్ అంటించి మీటర్లో ఉన్న రీడింగ్ రాశా.

మాస్టారు దగ్గరికొచ్చి కళ్ళజోడు సర్దుకుని చదివారు. "నాలుగేళ్ళకు 84 అంటే ఏడాదికి 21" అన్నారు తనలో తాను. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, నేను రాసింది కొట్టేసి, పక్కన 1,26,000 అని వేశారు.