"మాన్యువల్ ఒక్కటే పెండింగ్ మేడం": డాక్యుమెంటేషన్ పని మీద అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒక గురువారం సాయంత్రం విశాఖ మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆటోలో ఇరుక్కుని ఉంటే ఫోన్ మోగింది. పాత పరిచయమే, ఇప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్ అయ్యాడు. "మేడం, ప్రొడక్ట్ అంతా రెడీ. మాన్యువల్ ఒక్కటే పెండింగ్. నూట ఇరవై పేజీలు ఉంటుందేమో. రెండు వారాల్లో లాగించేద్దామా?"

నా పని టెక్నికల్ రైటింగ్, అంటే ప్రొడక్ట్‌ని ఎలా వాడాలో చెప్పే మాన్యువళ్ళు, హెల్ప్ పేజీలు రాయడం. ఈ 'మాన్యువల్ ఒక్కటే' అన్న మాట పదిహేడేళ్ళుగా వింటున్నాను. రుషికొండ మీద సాఫ్ట్‌వేర్ వాళ్ళు అన్నారు, ఆటోనగర్‌లో మెషిన్లు చేసేవాళ్ళు అన్నారు. అడిగేవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకీ పైనుంచి ఒత్తిడే. కానీ ఈ ఒక్క అపోహ వల్ల పోయినంత డబ్బు, నిద్ర, పరువు మా ఫీల్డ్‌లో ఇంక దేనివల్లా పోలేదు. అందుకే దీని మీదే ఎక్కువ రాస్తాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: అంతా అయ్యాక కూర్చుని టైప్ చేసేదే డాక్యుమెంటేషన్

ఫోన్‌లో అతనికి చెప్పిన లెక్కే ఇక్కడా చెప్తాను. పేజీలు వదిలేయండి. పేజీ కొలత కాదు, ఫాంట్ పెంచితే పేజీలూ పెరుగుతాయి. టాపిక్‌లు లెక్కపెట్టండి. 'ఇన్‌స్టాల్ చేయడం' ఒక టాపిక్, 'పాస్‌వర్డ్ మార్చడం' ఒక టాపిక్. అతని ప్రొడక్ట్‌కి అరవై తేలాయి. ఒక్కోదానికి సంగతి తెలిసిన ఇంజినీర్ని పట్టుకుని మాట్లాడడానికి ఒక గంట, మనం స్వయంగా చేసి చూడడానికి ఒక గంట, రాయడానికి రెండు గంటలు, బొమ్మలకో స్క్రీన్‌షాట్‌లకో ఒక గంట, రివ్యూలో వచ్చిన కామెంట్లు దిద్దడానికి ఒక గంట. మొత్తం 6 గంటలు. అరవైకి 360 గంటలు. మీటింగులు, మెయిళ్ళు పోను రోజుకి చేతికి దక్కేది 6 గంటలే. అంటే 60 పనిదినాలు, వారానికి ఐదు చొప్పున 12 వారాలు.

ఇందులో చూడాల్సింది 12 వారాలు కాదు. ఆ ఆరు గంటల్లో రాయడం రెండు గంటలే. మిగతా నాలుగూ అడగడం, చేసి చూడడం, సరిచూసుకోవడం. అవన్నీ అవతలివాళ్ళ టైము మీద నడిచే పనులు. "అయితే ముగ్గురు రైటర్లని పెడదాం" అన్నాడు. పెట్టండి. ముగ్గురూ వెళ్ళి నిలబడేది ఆ ఒక్క ఇంజినీర్ టేబుల్ దగ్గరే. రిలీజ్‌కి రెండు వారాల ముందు ఆయన బగ్‌లు దిద్దుకుంటాడా, మనకి పాఠం చెప్తాడా?

ఇది నేను కనిపెట్టిన జ్ఞానమేమీ కాదు. డాక్యుమెంటేషన్ ప్రాజెక్టుల నిర్వహణ మీద జోఆన్ హాకోస్ 1994లోనే పుస్తకం రాశారు. ఆవిడ పద్ధతిలో మొత్తం పని వంద అనుకుంటే ప్లానింగ్‌కి 10, ఏ టాపిక్‌లో ఏముండాలో తేల్చడానికి 20, రాయడం రివ్యూలతో సహా 50, అనువాదం ప్రొడక్షన్‌లకి 19, అయ్యాక వెనక్కి చూసుకోవడానికి 1. అంటే ముప్పై శాతం గడిచాకే అసలు రాయడం మొదలు. పన్నెండు వారాల పనిలో అది మూడున్నర వారాల పైమాట. రెండు వారాలు అడిగినాయన గడువు మొదటి వాక్యం పడకముందే దాటిపోతుంది.

ఇప్పుడు నా సొంత దెబ్బ చెప్తాను. చాలా ఏళ్ళ కిందట ఒక పంప్ యూనిట్ మాన్యువల్ మా టీమ్‌కి వచ్చింది. ప్లాన్‌లో రెండు రోజుల సైట్ విజిట్ పెట్టాను. ఖర్చని కొట్టేశారు. "డ్రాయింగులున్నాయిగా, చాలు" అన్నారు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు, కొత్తగా లీడ్ అయిన రోజులు. స్టార్ట్ చేసే పద్ధతిలో ఒక వాక్యం ఇలా వెళ్ళింది: వాల్వులు తెరిచి పంప్ ఆన్ చేయండి. నలుగురు రివ్యూ చేశారు. నలుగురూ ఓకే అన్నారు.

మెషిన్ పరవాడ వైపు ఒక ప్లాంట్‌కి చేరింది. మోటార్ ఆన్ చేస్తే చాలు, ట్రిప్. మళ్ళీ ఆన్, మళ్ళీ ట్రిప్. అప్పుడు పంపారు నన్ను, ఫిర్యాదు వచ్చాక. పెద్దాయన ఒకరు, ఆపరేటర్, మా మాన్యువల్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చారు. ఆ పేజీ దగ్గర గ్రీజు మరక. "మీ బుక్కులో ఉన్నట్టే సేసినాం మేడం. వాల్వులు తెరమన్నారు, తెరిసినాం" అన్నారు.

వాల్వులు అన్నాం. సక్షన్‌ది (నీరు పంప్‌లోకి వచ్చే వైపు), డిశ్చార్జ్‌ది (బయటికి వెళ్ళే వైపు) రెండూ బార్లా తెరిచారు. అది సెంట్రిఫ్యూగల్ పంప్, లోపల చక్రం గిర్రున తిరిగి నీటిని తోసే రకం. అవతల కొత్త పైప్‌లైను, లోపల ఖాళీ. ఎదురు ఒత్తిడి లేదు కాబట్టి పంప్ తోయగలిగినంతా తోసింది, మోటార్ కరెంటు ఎక్కువ లాగింది, కరెంటు హద్దు మీరితే మోటార్‌ని ఆపేసే ఓవర్‌లోడ్ రిలే దాని పని అది చేసింది. తప్పంతా మా బహువచనంలో ఉంది. అక్కడే కూర్చుని ఆ పెద్దాయన చెప్తుంటే తిరగరాశాను: సక్షన్ వాల్వ్ పూర్తిగా తెరవండి. డిశ్చార్జ్ వాల్వ్ మూసి ఉందని చూసుకోండి. పంప్‌లో గాలి లేకుండా నీరు నింపండి. మోటార్ ఆన్ చేయండి. గేజ్ ముల్లు నిలకడగా నిలిచాక డిశ్చార్జ్ వాల్వ్ మెల్లగా తెరవండి. మూసి ఉంచి ఎక్కువసేపు నడపకండి, లోపలి నీరు వేడెక్కిపోతుంది.

ఒక్క వాక్యం ఆరయింది. ఇంజినీర్లకి ఈ సంగతి తెలియదా? బాగా తెలుసు. "అది అందరికీ తెలిసిందే కదా" అని చెప్పలేదు. మా పనిలో నన్ను భయపెట్టే మాట ఇదే. అందరికీ తెలిసిందే అన్న చోటల్లా ఆగి ఇంకో ప్రశ్న వేయాలి. ఆ ప్రశ్న వేయడానికి రోజులు కావాలి. ఆ రోజులే ప్లాన్‌లోంచి కొట్టేస్తారు.

కాబట్టి ప్లాన్ అంటే పనుల్ని తేదీల వారీగా గీతల్లో చూపే గాంట్ చార్ట్ అనుకోకండి. నాది రెండు పేజీలు. ఎవరు చదువుతారు, ఏ పని మధ్యలో ఉండి చదువుతారు. టాపిక్‌ల జాబితా. ఒక్కో టాపిక్ పక్కన జవాబు చెప్పే మనిషి పేరు. టీమ్ పేరు రాస్తే ఒప్పుకోను, మనిషి పేరే కావాలి. స్క్రీన్లు, డ్రాయింగులు ఏ తేదీ తర్వాత మారవు. ఆ తేదీ జరిగితే మన తేదీ ఎన్ని రోజులు జరుగుతుంది. చివర్న సంతకం ఎవరిది. ప్రొడక్ట్ డిజైన్ మీటింగుల రోజుల్లోనే ఈ రెండు పేజీలు పుట్టాలి. ఆ మీటింగుల్లో రైటర్ ఒక మూల కుర్చీలో కూర్చున్నా చాలు, సగం ఇంటర్వ్యూలు తప్పుతాయి.

అపోహ: రివ్యూకి పంపాం, ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి ఓకే

పైన చదివారుగా, నలుగురు ఓకే. ఎనభై పేజీలు ఒకేసారి పంపితే ఎవరూ చదవరు, వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ చదవను. ఎనిమిదేసి పేజీలు పంపండి. "చూసి చెప్పండి" అనకుండా, "పద్నాలుగో పేజీ మూడో స్టెప్‌లో ఏ వాల్వ్ ముందు?" అని అడగండి. సేఫ్టీకి సంబంధించినవి మాత్రం మెయిల్‌లో వదలకండి. అల్లం టీ తెప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని, గట్టిగా చదివించండి. పలకకపోతే ఒప్పుకున్నట్టే అన్న రూల్ మా ప్రాజెక్టుల్లో నేను తీసేసి చాలా కాలమైంది.

అపోహ: అనువాదం ఆఖరి వారంలో చూసుకోవచ్చు. పైగా యూరప్‌లో ఇక పేపరే అక్కర్లేదట

ఈ 'అట' ఎవరు మొదలుపెట్టారో గానీ దువ్వాడ వైపు ఎగుమతుల వాళ్ళు ముగ్గురు ఇదే అడిగారు. ఇప్పటి యూరప్ మెషినరీ డైరెక్టివ్ 2006/42 ప్రకారం మెషిన్ ఏ దేశంలో అమ్ముతారో ఆ దేశపు అధికార భాషలో సూచనలు దానితో వెళ్ళాలి. మూలప్రతి మీద 'మూల సూచనలు' అని, అనువాదం మీద 'మూల సూచనల అనువాదం' అని ఉండాలి. దీని స్థానంలో వస్తున్న 2023/1230 రెగ్యులేషన్ 2027 జనవరి 20 నుంచి వర్తిస్తుంది. అందులో డిజిటల్ సూచనలకి అనుమతి ఉన్న మాట నిజమే. కానీ కొనేటప్పుడు అడిగితే నెలలోగా ఉచితంగా పేపర్ మీద ఇవ్వాలి. ఆ పని తెలియని మామూలు జనం వాడే మెషినైతే ముఖ్యమైన భద్రతా సమాచారం పేపర్ మీద ఉండాల్సిందే. ఆన్‌లైన్‌లో పెట్టినది మెషిన్ జీవితకాలమంతా, తక్కువలో తక్కువ పదేళ్ళు, అందుబాటులో ఉండాలి. ఆ పదేళ్ళ వెబ్‌సైట్ ఖర్చు మీ ప్లాన్‌లో ఉందా? వాట్సాప్ ఫార్వర్డ్‌లో ఆ ముక్క ఉండదు.

ఇంకో మాట. అనువాదానికి బిల్లు సాధారణంగా పదాల లెక్కన వస్తుంది. ఒకే హెచ్చరికని మూడు చోట్ల మూడు రకాలుగా రాస్తే మూడుసార్లు కడతారు. ఒకేలా రాస్తే, ముందు అనువదించిన వాక్యాల్ని గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్, ట్రాన్స్‌లేషన్ మెమరీ, పట్టుకుంటుంది. సాహిత్యంలో పునరుక్తి దోషం కావచ్చు, మాకు అది పొదుపు.

అపోహ: మంచి టూల్ కొంటే ప్రాజెక్ట్ దానంతటదే నడుస్తుంది

నడవదు. డీటా (DITA) మంచిదే. సమాచారాన్ని టాపిక్‌లుగా విడగొట్టి రాసి, ఒకే ముక్కని చాలా చోట్ల వాడుకునే పద్ధతి అది. ఐబీఎంలో పుట్టి 2005లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ స్టాండర్డ్ అయింది. పది మోడళ్ళకి తొంభై శాతం ఒకే సమాచారం ఉన్నవాళ్ళకి వరం. ఒక్క ప్రొడక్ట్, ఇద్దరు రైటర్లు ఉన్నచోట ముందు టాపిక్‌ల జాబితా ఎక్సెల్‌లో రాసుకోండి, తర్వాత మాట్లాడదాం.

అపోహ: ఎజైల్‌లో డాక్యుమెంటేషన్ ఉండదు

ఎజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ని చిన్న చిన్న విడతల్లో తయారుచేసే పద్ధతి. 2001 నాటి దాని మేనిఫెస్టోలో సమగ్ర డాక్యుమెంటేషన్ కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ విలువ అన్నారు. ఇంగ్లిష్ వాక్యంలో కుడివైపు ఉన్నవాటికీ, అంటే డాక్యుమెంటేషన్‌కీ, విలువ ఉందని కిందనే రాశారు. సగం చదివి వాదించేవాళ్ళతో నేను వాదించను. ఒక స్టోరీ (ఎజైల్‌లో ఒక చిన్న పని ముక్క) పూర్తయిందనడానికి పెట్టుకునే షరతుల్లో దాని టాపిక్ కూడా చేర్చండి, గొడవ వదులుతుంది.

అపోహ: ఏఐ వచ్చింది, ఇక రైటర్లు ఎందుకు

గోపాలపట్నం నుంచి ఒక తండ్రి ఫోన్ చేశారు. "మా అమ్మాయిని ఈ కోర్సులో చేర్పించమంటారా, ఆపేయమంటారా?" గొంతులో ఆ భయం విని నాకే కష్టమనిపించింది. ఆయనకి చెప్పిందే చెప్తాను. నేను రోజూ ఏఐ వాడుతున్నాను. ముతక డ్రాఫ్ట్‌కి, ఒకే వస్తువుకి రెండు పేర్లు పడ్డాయేమో వెతకడానికి పనికొస్తుంది. ఇంజినీర్ నోట్స్‌ని అందమైన ఇంగ్లిష్‌లోకి మార్చడమే ఉద్యోగం అనుకునేవాళ్ళకి గడ్డుకాలమే, దాచను. కానీ పరవాడలో పైప్‌లైను ఖాళీగా ఉందని దానికి ఎవరు చెప్పారు? 'వాల్వులు తెరిచి' అని అదీ రాసేది, నాకంటే చక్కటి ఇంగ్లిష్‌లో. ఆ అమ్మాయికి ప్రశ్నలు అడిగే అలవాటు ఉంటే చేర్పించండి సార్ అన్నాను.

అపోహ: రిస్క్ ప్లాన్ అనేది పెద్ద కంపెనీల సోకు

2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. మా హెల్ప్ ఫైళ్ళ తాజా కాపీ ఒకే ఒక్క డెస్క్‌టాప్‌లో ఉంది. సర్వర్లో ఉన్నది మూడు వారాల పాతది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆఫీసు అద్దాలు పగిలి కీబోర్డుల మీద చెట్ల ఆకులు, గాజుముక్కలు. చీకట్లో మెట్లెక్కి ఆ సీపీయూ ఊడదీసుకుని, ఒడిలో పసిపిల్లలా పెట్టుకుని కారులో రాజమండ్రి వెళ్ళి అప్పగించాం. దారి పొడవునా పడిపోయిన చెట్లు, పెట్రోల్ బంకుల దగ్గర క్యూలు. మా అమ్మ ఇప్పటికీ అంటుంది, "ఇంట్లో నీళ్ళు లేకపోతే నువ్వు డబ్బా పట్టుకెళ్ళావే" అని. నిజానికి ఆ రిస్క్ ప్లాన్ ఒక్క లైను: సాయంత్రం ఇంటికెళ్ళే ముందు ఫైళ్ళు సర్వర్లోకి ఎక్కించాలి.

మళ్ళీ ఆ మేనేజర్ దగ్గరికి. సోమవారం సిరిపురంలో కలిశాం. అరవై టాపిక్‌ల ప్రింట్ ముందు పెట్టుకుని మూడే ప్రశ్నలు వేశాను. ఇది తెలియకపోతే ఎవరికైనా దెబ్బ తగులుతుందా? డేటా గానీ మెషిన్ గానీ పాడవుతుందా? మొదటి రోజే కావాలా? పద్నాలుగు మిగిలాయి. 84 గంటలు, అంటే పద్నాలుగు రోజులు. అతని దగ్గరున్నవి పది. బయటికెళ్ళి వాళ్ళ బాస్‌తో చాలాసేపు మాట్లాడి మూడు రోజులు తెచ్చుకున్నాడు. పదమూడు రోజులకి పదమూడు టాపిక్‌లు. రిపోర్టుల ఎగుమతి కొట్టేశాం, అది తర్వాతి విడతలో మిగతా నలభై ఆరుతో కలిసి వస్తుంది. ఊపిరి తీసుకునే సందు లేదు, ఆ మాట అతనికి రాతపూర్వకంగా ఇచ్చాను.

చివరికి జవాబు చెప్పే మనిషి గడిలో పేర్లు రాయమన్నాను. పదమూడింట తొమ్మిదింటికి ఒకే ఇంజినీర్. "ఆయన సెలవులేమైనా ఉన్నాయా?" అని అడిగాను. కాసేపు ఫోన్ చూసి తల గోక్కున్నాడు. రెండో వారంలో ఆయన చెల్లెలి పెళ్ళి, పలాసలో, నాలుగు రోజులు. తొమ్మిది ఇంటర్వ్యూలనీ మొదటి వారంలోకి లాగేసి, మొదటిది మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి పెట్టాం.