మ్యాపింగ్ లైసెన్సు మనిషి పేరు మీదకు మారితే: అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్‌లో పటాలు గీసే పాత సాఫ్ట్‌వేర్ ఆర్క్‌మ్యాప్‌కు కాలం చెల్లింది. దాని మద్దతుకు 2026 మార్చి 1 గడువని, దాన్ని తయారుచేసిన ఎస్రి సంస్థ ఎప్పుడో ప్రకటించింది. అందుకే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేను పనిమీద వెళ్లే ఆఫీసులు ఒక్కొక్కటే దాని స్థానంలో వచ్చిన ఆర్క్‌జీఐఎస్ ప్రోకు, దానితోపాటు క్లౌడ్ నుంచి మనిషి పేరు మీద ఇచ్చే లైసెన్సుకు మారుతున్నాయి. అయితే మార్పు కన్నా ముందే పుకారు చేరుతోంది. ఒక ఆఫీసులో పుట్టిన మాట వారం తిరక్కుండా పక్క జిల్లాలో వినిపిస్తోంది, అదీ కళ్లారా చూసినంత ధీమాగా. ఫోన్లో చెప్పిందే చెప్పి విసుగెత్తింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ: ‘ఆఫీసుకు ఒక ఐడీ ఉంటే చాలు, అందరం వాడుకుందాం.’

పాత పద్ధతి గుర్తుంది కదా. సర్వర్ గదిలో లైసెన్సులు పంచే ప్రోగ్రామ్, లైసెన్స్ మేనేజర్, నడిచేది. అయిదు లైసెన్సులుంటే ముందు తెరిచిన అయిదుగురికి దొరికేవి; ఆరో మనిషి ‘ఎవరైనా మూసేయండయ్యా’ అని కేక వేసేవాడు. లైసెన్సు ఎవరిదన్న ప్రశ్నే ఉండేది కాదు. ఆ అలవాటుతోనే కొత్తదాన్నీ చూస్తున్నారు. పైగా పేరు మీద ఇచ్చిన ప్రో లైసెన్సు ఏకకాలంలో మూడు కంప్యూటర్ల దాకా నడుస్తుంది. ‘చూశారా, ముగ్గురికి సరిపోతుంది’ అని సంబరపడతారు. అది ముగ్గురు మనుషులకు ఇచ్చిన వెసులుబాటు కాదు. ఒకే మనిషికి ఆఫీసులో డెస్క్‌టాప్, ఫీల్డుకు ల్యాప్‌టాప్, ఇంట్లో మరొకటి ఉండవచ్చు కాబట్టి ఇచ్చింది. ఒకరి ఐడీని మరొకరు వాడటం ఒప్పందానికే విరుద్ధం. సరే, ఒప్పందాలు చదివేవాళ్లు తక్కువ. మన పని ఎక్కడ చెడుతుందో చెబుతాను.

ఒక సాగునీటి ప్రాజెక్టుకు పటాలు తయారుచేసే ఆఫీసు. ఏదన్నది అనవసరం. సెక్షన్ మొత్తానికీ ఒకే ఖాతా. దాన్ని తెరిచింది అవుట్‌సోర్సింగ్‌లో వచ్చిన ఒక కుర్రవాడు, తన సొంత ఈమెయిల్‌తో, తన ఫోన్లోని ఆథెంటికేటర్ యాప్‌తో. తర్వాత బెంగళూరులో మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. వంశధారకు వరద హెచ్చరిక వచ్చిన రోజు ఎడమ కాలువ మీద బలహీనంగా ఉన్న గట్లను పటంలో సరిచేసి పైకి పంపాలి. అంతకుముందే ఎవరో కంప్యూటర్ మార్చారు. ప్రో తెరవగానే లాగిన్ అడిగింది, ఆ తర్వాత ఆరంకెల కోడ్ అడిగింది. కోడ్ ఉన్న ఫోన్ బెంగళూరులో, దాని యజమాని రాత్రి షిఫ్టు చేసి నిద్రలో. ఆ రెండో అంచెను ఆపగలిగే మరో అడ్మినిస్ట్రేటర్ పేరు రాసే ఉంది, కానీ అది బదిలీ మీద వెళ్లిపోయిన అధికారిది. ఆయన ఆ ఖాతాను ఒక్కసారీ తెరిచి చూడలేదు. మధ్యాహ్నానికి కుర్రవాడు ఫోనెత్తాడు. కోడ్ 30 సెకన్లకొకసారి మారిపోతుంది. అతను చెప్పడం, ఇక్కడ ఒకరు కాగితం మీద రాయడం, ఇంకొకరు కొట్టడం, అంతలో గడువు దాటిపోవడం. చివరికి లోపలికి వెళ్లగలిగారు. ‘ఇంకా నా పేరు మీదే నడుస్తోందా సార్?’ అని నవ్వాడట ఆ అబ్బాయి. అతని తప్పేమీ లేదు. వెళ్లేటప్పుడు ఎవరూ అడగలేదు, అంతే.

ఇది పైకి కనిపించే నష్టం. కనిపించనిది ఇంకోటుంది. క్లౌడ్‌లో ప్రచురించిన పొరకు (అంటే కాలువలో, హద్దులో, పటంలోని ఒక రకం వివరాలకు) ఎడిటర్ ట్రాకింగ్ పెట్టుకుంటే, ఏ హద్దును ఎవరు గీశారో, ఎవరు ఎప్పుడు జరిపారో పొరలోనే నమోదవుతుంది. అందరూ ఒకే ఐడీతో పనిచేస్తే అన్ని గళ్లలోనూ ఒకే పేరు. సర్వే నంబరు హద్దు జరిగిందని రైతు వచ్చి నిలదీసిన రోజున ఆ పేరు ఎవరిదో వారే దోషి. ఒక పెద్దవయసు డ్రాఫ్ట్స్‌మన్ నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు: ‘బాబూ, పేరు మీద ఇస్తారంటున్నారు. రేపు ఎవరు తప్పు చేసినా నా మెడకే చుట్టుకుంటుందా?’ ట్రేసింగ్ కాగితం మీద ఇండియన్ ఇంకుతో గీతలు గీసి వచ్చిన మనిషి, రిటైర్మెంట్ దగ్గర పడింది. ఆ భయాన్ని తేలిగ్గా తీసేయలేను. కానీ ఆయన్ను కాపాడేది సొంత ఐడీయే, ముంచేది ఉమ్మడి ఐడీ. సంతకం ఎవరిది వారే పెట్టాలని ఆయనకు నేను చెప్పాల్సిన పనిలేదు.

కాబట్టి చేయాల్సినవి ఇవి. ఖాతాకు సొంత ఈమెయిల్ కాకుండా ఆఫీసు ఈమెయిల్ ఇవ్వండి. అడ్మినిస్ట్రేటర్లు ఇద్దరుండాలి, ఇద్దరూ నిజంగా సీట్లో ఉన్నవాళ్లే కావాలి. ఎవరైనా మానేస్తే, వారి పేరు మీదున్న పొరలు, పటాలు, గ్రూపులు ముందు మరొకరికి బదిలీ చేయండి, ఆ తర్వాతే ఖాతా తీసేయండి. పేరు మీద ఇచ్చారంటే రాతి మీద చెక్కారని కాదు. ఒకరి లైసెన్సును వెనక్కి తీసుకుని ఇంకొకరికి కేటాయించడం అడ్మినిస్ట్రేటర్‌కు నిమిషాల పని. ఇక డబ్బు సంగతి. అందరికీ ప్రో అక్కర్లేదు. పటం చూస్తే చాలనుకునే వారికి వ్యూయర్, ఫీల్డులో వివరాలు ఎక్కించే వారికి మొబైల్ వర్కర్, గీసేవారికి క్రియేటర్, పెద్ద పరికరాలు కావాల్సిన వారికే ప్రొఫెషనల్ రకాలు. పదిమంది జాబితా రాసుకుని ఎవరి పనేమిటో పక్కన రాస్తే, ఉమ్మడి ఐడీతో మిగిలిందనుకున్న డబ్బులో చాలావరకు ఇక్కడే మిగులుతుంది. అయిదు లైసెన్సులతో పదిహేను మంది వంతులు వేసుకుని నెట్టుకొచ్చిన ఆఫీసులకు మాత్రం ఖర్చు పెరుగుతుంది. అది అపోహ కాదు, నిజమే. బడ్జెట్ ప్రతిపాదనలో ఆ మాట దాచకుండా రాయండి.

మిగతావి త్వరగా ముగిస్తాను.

‘లైసెన్సు క్లౌడ్‌కు పోతే మన ఎఫ్ఎంబీలన్నీ (సర్వే నంబర్ల కొలతల పటాలు) విదేశాలకు పోతాయి.’ పోవు. క్లౌడ్ చూసేది మీరెవరన్నది, మీకు ఏ లైసెన్సు ఉందన్నది. మీ పటాల సమాచారం ఉండే జియోడేటాబేస్, షేప్‌ఫైళ్లు మీ డిస్కులోనే ఉంటాయి. మీరు చేతులారా షేర్ నొక్కి ప్రచురిస్తే తప్ప కదలవు. అసలు ఇంటర్నెట్టే వద్దనే ఆఫీసు సొంత సర్వర్ మీద ఆర్క్‌జీఐఎస్ ఎంటర్‌ప్రైజ్ పోర్టల్ పెట్టుకుని, అక్కడి నుంచే పేరు మీద లైసెన్సులు ఇచ్చుకోవచ్చు.

‘నెట్ పోతే పని ఆగిపోతుంది.’ 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు, ఫోన్లు ఎలా పోయాయో చూసినవాళ్లు ఈ ప్రశ్న అడగడం న్యాయమే. ప్రోలో లైసెన్సింగ్ ఎంపికల్లోకి వెళ్లి, ఆఫ్‌లైన్‌లో వాడేందుకు అనుమతినిచ్చే గడిలో టిక్కు పెడితే లైసెన్సు ఆ కంప్యూటర్‌లోకి దిగుతుంది. నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. అలా దింపినంత కాలం అదే లైసెన్సు ఇంకే కంప్యూటర్‌లోనూ పనిచేయదు. ఉమ్మడి ఐడీ ఉన్న చోట ఒకరు ఆ టిక్కు పెట్టి పలాస క్యాంపుకు వెళ్తే మిగిలిన వాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఇంకోమాట, కంప్యూటర్ ఫార్మాట్ చేసే ముందు ఆ టిక్కు తీసి లైసెన్సు తిరిగి అప్పగించండి.

‘ప్రతి క్లిక్కుకూ క్రెడిట్లు పోతాయి.’ క్రెడిట్లంటే క్లౌడ్ సేవలు వాడినప్పుడు ఖాతాలోంచి తరిగే యూనిట్లు. మీ డిస్కులోని పొర మీద బఫర్, క్లిప్ లాంటి పరికరాలు ఎన్నిసార్లు నడిపినా ఒక్క క్రెడిట్ పోదు. ఎస్రి సేవతో చిరునామాలను పటం మీదకు తెస్తే 1,000కి 40 క్రెడిట్లు. క్లౌడ్‌లో ఫీచర్ పొరగా ప్రచురిస్తే 10 ఎంబీకి నెలకు 2.4, మామూలు ఫైలుగా దాచుకుంటే 1 జీబీకి 1.2. ఈ తేడా తెలియక జిల్లా మొత్తం కమతాలను పొరగా ఎక్కించి, ఎవరూ వాడకుండా వదిలేసిన వాళ్లున్నారు.

‘పైవాళ్లు మన తెర చూస్తుంటారు.’ చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారో, ఎన్ని క్రెడిట్లు ఖర్చయ్యాయో అడ్మినిస్ట్రేటర్‌కు కనిపిస్తుంది. మీ తెర మీద ఏముందో కనిపించదు.

‘కొత్త లైసెన్సు వచ్చాక మా ఊళ్లు పక్కకు జరిగాయి.’ ఇది వింటే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే దోషం మన జిల్లా భూగోళంలోనే ఉంది. 84 డిగ్రీల రేఖాంశం శ్రీకాకుళం జిల్లా మధ్య నుంచి పోతుంది. భూమిని నిలువు మండలాలుగా విడగొట్టి కొలిచే యూటీఎం పద్ధతిలో శ్రీకాకుళం పట్నం, ఆముదాలవలస 44వ మండలంలో ఉంటే టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి. 45లో కొలిచిన పొరకు 44 అని పేరు పెడితే సోంపేట చెరువు తెలంగాణలో నిర్మల్, జగిత్యాల మధ్య ఎక్కడో తేలుతుంది. పొర ప్రాపర్టీస్‌లో కోఆర్డినేట్ సిస్టమ్ ఏమి రాసి ఉందో చూసుకోండి. పాపం లైసెన్సుకు ఇందులో పాత్రేమీ లేదు.

‘పాత పటాలన్నీ వాటంతటవే వచ్చేస్తాయి.’ ఆర్క్‌మ్యాప్ పటాల ఫైళ్లు, అంటే ఎంఎక్స్‌డీలు, ప్రోలోకి దిగుమతి అవుతాయి. పాత పైథాన్ 2.7 స్క్రిప్టులను మాత్రం పైథాన్ 3కి సరిచేయాలి. అసలు చిక్కు పర్సనల్ జియోడేటాబేస్‌తో, అంటే ఎండీబీ ఫైళ్లతో. ఏళ్లనాటి చెరువులు, కాలువలు, రోడ్ల పొరలు చాలా ఆఫీసుల్లో ఇంకా వాటిలోనే ఉన్నాయి. ప్రో వాటిని జియోడేటాబేస్‌గా తెరవదు. ఆర్క్‌మ్యాప్‌లో తెరిచి ఫైల్ జియోడేటాబేస్‌కు మార్చుకోవాలి. అలా మార్చినది, లైసెన్సు కొనక్కర్లేని మరో పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లోనూ తెరుచుకుంటుంది. ఆర్క్‌మ్యాప్ ఇంకా నడుస్తున్న పాత కంప్యూటర్ మీ ఆఫీసులో ఒక్కటైనా ఉంటే, దాన్ని వేలానికి పంపే ముందు డిస్కులో ఎండీబీ అని వెతికి చూడండి.