హాలీవుడ్ కొండ మీద 4,000 బల్బులు

హాలీవుడ్ కొండ మీద 'హాలీవుడ్' అని కనిపించే ఆ తెల్లటి అక్షరాలు రాత్రిపూట వెలగవు. మనం ఎప్పుడూ పగటి ఫోటోలే చూస్తాం కాబట్టి ఈ సంగతి తట్టదు. నిజానికి వాటిని పెట్టిందే రాత్రి వెలగడానికి, అదీ సినిమాల కోసం కాదు, ప్లాట్లు అమ్ముకోవడానికి!

1923లో లాస్ ఏంజెలెస్‌లో 'హాలీవుడ్‌ల్యాండ్' అని ఒక వెంచర్ వేశారు. వేసినవాళ్లలో హ్యారీ చాండ్లర్ ఒకరు, ఆ ఊరి పెద్ద పత్రిక ఆయనదే. మన దగ్గర హైవే పక్కన వెంచర్ బోర్డు పెడతారు చూడండి, వాళ్లు ఏకంగా కొండకే పెట్టారు. ఇంగ్లీషులో 13 అక్షరాలు, ఒక్కోటి 40 అడుగులకి పైనే ఎత్తు, గుంజలకీ పైపులకీ రేకు పలకలు బిగించి తెల్లరంగు వేశారు. ఏడాదిన్నర నిలబడితే చాలనుకున్నారు.

40 అడుగులంటే ఎంత దూరం కనిపిస్తుంది? కళ్ల డాక్టర్ దగ్గర చార్టులో మంచి చూపున్నవాళ్లు చదవగలిగే 6/6 వరుస ఉంటుంది కదా, ఆరు మీటర్ల దూరంలో ఆ అక్షరం ఎత్తు 9 మిల్లీమీటర్ల లోపే. అదే నిష్పత్తిలో లెక్కేస్తే 40 అడుగుల అక్షరాన్ని మంచి చూపున్నవాళ్లు, గాలి తేటగా ఉంటే, ఎనిమిది కిలోమీటర్ల అవతల నుంచి చదవగలరు. అది పగటి లెక్క.

రాత్రికి దాదాపు 4,000 బల్బులు, ఒక్కోటి 20 వాట్లు. ముందు 'హాలీ' వెలిగేది, తర్వాత 'వుడ్', తర్వాత 'ల్యాండ్', చివరికి మొత్తం ఒకేసారి. అన్నీ వెలిగితే 80 కిలోవాట్లు, అంటే 40 గీజర్లు ఒక్కసారే ఆన్ చేసినంత కరెంటు, ఫిలమెంట్ బల్బులు కాబట్టి అందులో చాలా భాగం వేడిగానే పోయేది.

పైగా ఆ బల్బులు మాడిపోతుంటాయి. మామూలు ఫిలమెంట్ బల్బు ఆయుష్షు వెయ్యి గంటలు, అటూ ఇటూగా. రాత్రికి ఐదు గంటలు వెలిగించారనుకున్నా సగటున రోజుకి 20 బల్బులు మార్చాలి. ఆ పని ఆల్బర్ట్ కోథె అనే కేర్‌టేకర్‌ది, ఒక 'ఎల్' అక్షరం వెనకాల చిన్న గుడిసెలో ఉండేవాడు. ఏటవాలు కొండ, నాలుగంతస్తుల ఎత్తు రేకులు, చేతిలో గాజు బల్బులు. డబ్బు పెట్టినవాళ్ల పేర్లు చరిత్రలో ఎలాగూ ఉంటాయి, నాకైతే ఈ కథలో ముందు చెప్పుకోవాల్సింది ఆయన గురించే అనిపిస్తుంది.

1930ల మాంద్యంలో వెంచర్ దెబ్బతింది, బోర్డుని పట్టించుకునే దిక్కు లేకుండా పోయింది. 1940ల్లో 'హెచ్' కూలిపోయింది. 1949లో అక్కడి వాణిజ్య మండలి ముందుకొచ్చి రిపేరు చేయించింది, 'ల్యాండ్' తీసేసి ఊరి పేరు మాత్రం ఉంచింది. లైట్లు కావాలంటే ఖర్చు మీరే పెట్టుకోవాలని నగర పార్కుల శాఖ చెప్పింది, మండలి వద్దనుకుంది. అలా చీకటి స్థిరపడిపోయింది.

1970లకి మళ్లీ తుప్పు పట్టి ఒక 'ఓ' పూర్తిగా పడిపోయింది. 1978లో తొమ్మిది మంది దాతలు తలా 27,700 డాలర్ల పైన ఇచ్చారు. పాతవన్నీ పీకేసి, కాంక్రీటు పునాదుల మీద 45 అడుగుల ఉక్కు అక్షరాలు నిలబెట్టారు. మూడు నెలలపాటు కొండ ఖాళీగా ఉంది.

కొత్తవాటికి బల్బులు పెట్టలేదు. 2000 సంవత్సరానికి స్వాగతం చెప్పినప్పటిలా ఎప్పుడో తప్ప లైట్లు వెయ్యరు. పొద్దుగూకాక ఊళ్లోంచి తలెత్తి చూస్తే కొండ నల్లగా ఉంటుంది, అక్షరాల జాడ తెలియదు.