పెదనాన్న గారి కారుకి పథ్యం

చిరంజీవులు చిన్నాకి, చిట్టికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్లో, మా పెదనాన్న గారి పాత కారు బాగు చేయిస్తున్నానని చెబితే చిన్నాగాడు ఒక ప్రశ్న వేశాడు. "కొత్త బ్యాటరీ పెట్టి, పెట్రోలు పోసి, తాళం తిప్పితే అయిపోతుంది కదా తాతయ్యా! ఆర్నెల్లు ఎందుకు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు సిగ్నల్ పోయింది. పోవడమే మంచిదైంది. ఇలాంటివి తీరిగ్గా చెప్పాలి.

సంక్రాంతికి వచ్చి మీరు వెళ్ళిన వారానికి గొడ్ల చావిడి పైకప్పు మార్పిద్దామని లోపలి సామానంతా బయట పెట్టించాను. ఎండుగడ్డి, ఖాళీ గోతాలు, విరిగిన అరక. వాటి వెనక మా పెదనాన్న గారి అంబాసిడర్ ఉంది. ఉందని నాకు తెలియక కాదు, తెలిసీ మర్చిపోయాను. 1996లో ఆయన పోయాక దాన్ని అక్కడ పెట్టారు. గడ్డి వేసేవాళ్ళు దాని మీదే వేసుకుంటూ పోయారు. నాలుగు టైర్లూ నేలకి అతుక్కుపోయాయి. ఎలకలు వైర్లు కొరికేశాయి. వెనక సీట్లో ఒక కోడి పొదుగుడు పెట్టుకుంది. దాన్ని లేపడానికి మీ నానమ్మ ఒప్పుకోలేదు కాబట్టి మొదటి పది రోజులు ఆ కోడి ఖాతాలో పోయాయి.

మీరు ఇలాంటి కారు ఎక్కి ఉండరు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు 1957 నుంచి 2014 దాకా చేశారు. మొదట బ్రిటన్‌లో పుట్టింది, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే పేరుతో. మన దగ్గరికొచ్చి అంబాసిడర్ అయింది. మనది 1968 బండి, మార్క్ టూ అంటారు. గేరు కర్ర కాళ్ళ దగ్గర కాదు, స్టీరింగు పక్కన ఉంటుంది. ముందు బంపరు దగ్గర ఒక కన్నం. అందులోంచి ఇనుప హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పి ఇంజన్ స్టార్ట్ చేసేవాళ్ళం. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే గాని కారు చేతికి రాని రోజులవి.

ఇక ప్రశ్నకి వస్తాను. నాకు పన్నెండో ఏట టైఫాయిడ్ వచ్చింది. ఆ రోజుల్లో జ్వరమొస్తే లంఖణాలే. అన్నం ముద్ద పెట్టేవారు కాదు. బార్లీ నీళ్ళు, సగ్గుబియ్యం జావ. అలా ఇరవై ఒక్క రోజులు. మధ్యలో ఒక రాత్రి బాగా ముదిరితే ఈ కారులోనే గుంటూరు తీసుకెళ్ళారు. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పైన గుండ్రటి లైటు చూస్తూ పడుకున్నాను. జ్వరంలో అది చందమామ అనుకున్నానట, పక్కనున్న మామయ్యని కోసిమ్మని అడిగానట. ఈ ముక్క మా ఇంట్లో నా పెళ్ళి దాకా చెప్పుకుని నవ్వారు.

జ్వరం దిగాక పథ్యం. మెత్తటి అన్నం, బీరకాయ కూర, మిరియాల చారు. నాలుగో రోజు నేను ఎవరూ లేకుండా చూసి జాడీలోంచి ఆవకాయ ముక్క తీసి నాలుగు ముద్దలు తిన్నాను. చెప్పేదేముంది, మళ్ళీ మంచమెక్కాను. పెదనాన్న వచ్చి, "ఇరవై రోజులు ఆగినవాడివి, ఇంకో పది ఆగలేకపోయావురా" అన్నాడు.

కారూ అంతే. ముప్పై ఏళ్ళ లంఖణం చేసి పడుకుంది. లేవగానే ఆవకాయ పెట్టకూడదు.

ఇంజన్లో నాలుగు గొట్టాల్లాంటి గదులుంటాయి. ఒక్కోదాంట్లో ఒక పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టన్ నడుముకి ఇనుప రింగులు ఉంటాయి, గాజుల్లాగా. ఇంజన్ ఎప్పుడు ఆపినా ఏదో ఒక గది తలుపు కొంచెం తెరిచే ఉండిపోతుంది. మనది కాలవల ప్రాంతం, గాలిలోనే తడి. ఆ తడి లోపలికి పోయి రింగునీ గోడనీ తుప్పుతో అతికించేసింది. కాగితం మందం కూడా ఉండదు ఆ తుప్పు. కానీ బ్యాటరీ పెట్టి తాళం తిప్పామనుకో, రింగులు విరుగుతాయి, గోడలు గీరుకుపోతాయి. మొదటి రోజే స్టార్ట్ చేద్దామన్న ఆత్రంతో ఇలా పాడైన బళ్ళు తను చాలా చూశానంటారు తెనాలి నుంచి వచ్చే మెకానిక్ సాయిబు గారు. ఆయన నాకన్నా పెద్దవారు.

ఆయన చేసింది ఇంతే. గదుల్లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు నాలుగూ విప్పి, ఆ కన్నాల్లో కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి పోసి, "ఇక ఎవరూ ముట్టుకోవద్దు" అని వెళ్ళిపోయారు. జావ పోసి దుప్పటి కప్పినట్టు. మూడు రోజులకోసారి వచ్చి ఇంకొంచెం పోసి, హ్యాండిల్ మీద చెయ్యి ఆనించి చూసేవారు, నాడి పట్టినట్టు. కదిలేది కాదు. నేనొకసారి గట్టిగా తొక్కబోతే చెయ్యి మీద కొట్టారు. పంతొమ్మిదో రోజు అది వెంట్రుకవాసి కదిలింది. రోగి పక్కకి ఒత్తిగిలినట్టు ఒక చిన్న మూలుగు. ఆ రోజు మేమిద్దరం టీ రెండుసార్లు తాగాం.

తర్వాత పొట్ట. టాంకులో మిగిలిపోయిన పెట్రోలు పెట్రోలులా లేదు, వార్నిష్ వాసన. అందులోని తేలిక భాగం ఎప్పుడో ఎగిరిపోయి జిగురు మిగిలింది. టాంకు విప్పి, లోపల గొలుసు ముక్కలు వేసి, ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఊపాం. ఎర్రటి తుప్పు నీళ్ళు బకెట్లకొద్దీ వచ్చాయి. ఆ తర్వాత గొంతు, అంటే పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్లోకి పంపే కార్బురేటరు. దానిలోని కన్నాలు సూది మొనంత ఉంటాయి. తర్వాత నరాలు, అంటే వైర్లు. మీ నానమ్మ ఇదంతా విని, "కారుకి కూడా బీరకాయ కూర వండమంటారా?" అంది. వండింది కూడా, మాకు.

ఇంజన్ తిరగకముందే బ్రేకులు బాగు చేయించాం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది, పాతబడిన కొద్దీ లోపలి భాగాలు పట్టేస్తాయి. పరిగెత్తడం కంటే ముందు ఆగడం నేర్చుకోవాలి. ఈ మాట చిట్టి సైకిలుకి కూడా వర్తిస్తుంది, అమ్మ చెప్పింది నాకు అంతా.

మధ్యలో ఒకరు, పాత ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ పడేయమని సలహా ఇచ్చారు. ఖర్చు కలిసొస్తుందట. నేను ఒప్పుకోలేదు. ఒక కారణం చట్టం. 2021లో కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, ఇంజనూ ఛాసిసూ బాడీ మార్చకుండా ఉన్న బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. పాత నంబరు కూడా అలాగే ఉంచుకోవచ్చు. రోజూ తిప్పడానికి మాత్రం వీల్లేదు, ఎగ్జిబిషన్లకీ ర్యాలీలకీ అలాంటి వాటికే. రెండో కారణం, నన్ను గుంటూరు తీసుకెళ్ళింది ఆ ఇంజనే.

పోయిన ఆదివారం పెట్టాం మొదటి ముద్ద. టాంకు నుంచి కాదు. బానెట్‌కి ఒక సీసా వేలాడదీసి, సన్న పైపుతో చుక్కలు చుక్కలుగా కార్బురేటరుకి పెట్రోలు. అచ్చంగా సెలైన్! ముందు ప్లగ్గులు లేకుండా హ్యాండిల్ తిప్పి తిప్పి ఆయిల్ అన్ని కీళ్ళకీ ఎక్కించాం. తర్వాత ప్లగ్గులు బిగించి, సాయిబు గారి మనవడు హ్యాండిల్ అందుకున్నాడు. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే పెట్టాలి, చుట్టకూడదు. ఇంజన్ ఎదురు తంతే వేలు విరుగుతుంది. ఆరోసారి దగ్గింది. తొమ్మిదోసారి రెండు గదులే పలికాయి, తర్వాత మూడు, తర్వాత నాలుగూ. సైలెన్సర్లోంచి వరి పొట్టు, గడ్డిపరకలు, నల్లపొగ. ఆ చప్పుడు నాకు తెలుసు. వీధి మలుపులో అది వినపడితే పెదనాన్న వచ్చాడని మేమంతా గోలీలు దాచేసేవాళ్ళం. ముప్పై ఏళ్ళు ఆ చప్పుడు ఎక్కడుందో చెప్పమంటే నేను చెప్పలేను చిన్నా. ఇంజన్ లెక్కలు సాయిబు గారిని అడుగు, ఇది మాత్రం ఆయనా చెప్పలేరు. ఇద్దరం కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇక్కడితో నా పోలిక చెల్లు. మనిషికి పథ్యం పెడితే ఒళ్ళు తనే కోలుకుంటుంది. ఇనుము కోలుకోదు. పోయిన రేకు పోయినట్టే, టింకరు వచ్చి కోసి, కొత్త ముక్క అతకాల్సిందే. ఆ పని ఇప్పుడు నడుస్తోంది. రంగు ఇంకా వేయలేదు.

మీరు ఈలోపు ఒక పని చేయండి. మూడు గ్లాసులు తీసుకుని మూడు మేకులు వేయండి. ఒకటి సగం మునిగేలా నీళ్ళలో, ఒకటి నూనెలో, ఒకటి ఉప్పు నీళ్ళలో. రోజూ పొద్దున చూసి ఏం కనపడిందో నోటుబుక్కులో రాయండి. అమ్మ గ్లాసులు కాదు, పాతవి అడిగి తీసుకోండి.

దసరాకి ఆ పుస్తకం తీసుకుని రండి. వెనక ఎడమ డోరు లోపలి వైపు చెయ్యంత మేర తుప్పు గీకించకుండా ఉంచమన్నాను. వేలు పెట్టి చూద్దురు గాని. పైన గుండ్రటి లైటు కూడా ఉంది, వెలగడం లేదు. దాని బల్బు మీరే మార్చాలి.

ఉంటాను,
మీ తాతయ్య