మెర్సో సీసాను బీరువాలో దాచకండి: అపోహలు - వాస్తవాలు

లండన్‌లో నేను పనిచేసే వైన్ దుకాణానికి వచ్చే తెలుగువాళ్లు ధర కన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: "దీన్ని ఎన్నేళ్లు దాచుకోవచ్చండీ?" పాతబడేకొద్దీ వైన్ గొప్పదవుతుందని ఎవరు ప్రచారంలో పెట్టారో కానీ, జనం డబ్బు ఇంతగా పాడుచేసిన అపోహ మరొకటి లేదు. మెర్సో లాంటి ఖరీదైన తెల్ల వైన్ కొన్నవాళ్లకైతే మరీను.

అపోహ: ఎంత పాతబడితే అంత మంచిది. ఓక్ పీపాలో ఉంచిన వైన్ కాబట్టి అసలు చెడిపోదు.

వాస్తవం: పీపా పని సీసాలో నింపేదాకానే. మెర్సో ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో, బోన్ పట్టణానికి కాస్త దక్షిణంగా ఉన్న ఊరు. సున్నపురాయి, బంకమన్ను కలిసిన తూర్పువాలు నేలల్లో షార్డొనే ద్రాక్ష పండుతుంది. ఆ రసాన్ని 228 లీటర్ల ఓక్ పీపాల్లోనే పులియబెట్టి, అడుగున చేరిన ఈస్ట్ మడ్డితో పాటే ఏడాదో, ఏడాదిన్నరో ఉంచుతారు. ఆ చిక్కదనం, వేయించిన బాదం వాసన అలా వచ్చినవే. అయితే ఎర్ర వైన్‌కు ద్రాక్ష తొక్కల నుంచి టానిన్లు అనే వగరు పదార్థాలు దండిగా వస్తాయి. తెల్ల వైన్‌కు తొక్క తీసేసిన రసమే ఆధారం కాబట్టి ఆ రక్ష తక్కువ. దాన్ని కాపాడేవి ప్రధానంగా ఆమ్లం, కొద్దిపాటి సల్ఫర్ డయాక్సైడ్, మంచి బిరడా. ఈ మూడూ ఎండకు లొంగేవే.

బర్గండీ వాళ్లకే ఈ దెబ్బ గట్టిగా తగిలింది. 1995, 1996 పంటల తెల్ల వైన్లు పదేళ్లు కూడా నిండకుండానే గోధుమరంగుకు తిరిగి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన కొట్టాయి. లోపం బిరడాలదా, తగ్గించిన సల్ఫర్‌దా, పీపాలో మడ్డిని అతిగా కలియబెట్టడానిదా అన్న వాదన తెగలేదు. ఆ తర్వాత చాలామంది బిరడాలు మార్చారు, మడ్డిని కలియబెట్టడం తగ్గించారు. చల్లటి నేలమాళిగల్లో తరతరాలుగా వైన్ పెట్టుకున్నవాళ్ల పరిస్థితే ఇది. ఇక గుంటూరు ఎండ సంగతి చెప్పాలా?

మా దుకాణంలో కొన్న ఒక ప్రీమియర్ క్రూ (మేలైన తోటల శ్రేణి) సీసాను ఒకాయన గుంటూరులో ఉన్న తల్లిదండ్రుల దగ్గర పెట్టారు, తండ్రిగారి షష్టిపూర్తికి తెరుద్దామని. మేడ మీద గదిలో, శ్లాబు కింద, ఇనుప బీరువాలో. కొన్ని వేసవులు గడిచాక తెరిచి, గ్లాసు ఫొటో నాకు పంపారు: పాలు పోయని టీ డికాక్షన్ రంగు. బిరడా పక్కన మరో ఫొటో, అంచు పొడవునా వైన్ పైకి పాకిన మరక. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను నెట్టిందని ఆ మరకే చెబుతోంది. ఫోనులో ఆయన గొంతులో కోపం లేదు, దిగులే. "మేమేం తప్పు చేశామండీ?" అన్నారు. తప్పు ఆయనది కాదు. దాచమని చెప్పిన బంధువులది, అంతకన్నా ఎక్కువగా అమ్మేటప్పుడు నోరు మెదపని మావాళ్లది.

కాబట్టి లెక్క ఇది. ఊరి పేరుతో వచ్చే మామూలు మెర్సోను పంట ఏడాది నుంచి ఏడెనిమిదేళ్లలోపు తాగేయండి. పెరియేర్, జెనెవ్రియేర్, షార్మ్ లాంటి ప్రీమియర్ క్రూ తోటలవి ఇంకొన్నేళ్లు ఆగగలవు, అదీ 12-13 డిగ్రీల చీకటి చోట పడుకోబెట్టి ఉంచితేనే. అలాంటి చోటు లేదా? ఈ ఏడాదే తాగండి. శుభకార్యం కోసమే అయితే ఆ నెలలోనే కొనండి.

మిగతావి త్వరగా ముగిస్తాను.

సీసా అడుగున గాజుపెంకుల్లా మెరిసేవి కనిపించగానే సింకులో ఒంపేసేవాళ్లున్నారు. అవి టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలు, చలికి గడ్డకట్టాయంతే. ఆ ఆమ్లం మన చింతపండులో ఉన్నదే. నెమ్మదిగా వంచుకుని తాగితే సరి.

ఫ్రిజ్‌లోంచి తీసి గడ్డకట్టేంత చల్లగా పోస్తే వాసనలన్నీ ముడుచుకుపోతాయి. 12 డిగ్రీలకు రానివ్వండి.

గ్రాండ్ క్రూ (బర్గండీ తోటల్లో అన్నిటికన్నా పై శ్రేణి) కాకపోతే నాసిరకమా? మెర్సోలో అసలు గ్రాండ్ క్రూ తోటే లేదు. 1976లో పారిస్‌లో జరిగిన పేరుమోసిన పోటీలో తెల్ల వైన్లలో కాలిఫోర్నియా షార్డొనే తర్వాత రెండో స్థానం మెర్సో-షార్మ్‌దే.

గుండెకు మంచిదని వాట్సాప్‌లో పంపేవాళ్లకు ఒకటే మాట: మద్యం ఏ మోతాదులోనూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. నేను వైన్ అమ్ముతాను, మందు కాదు.

ఇక శాకాహారుల భయం. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. వెన్న వాసన వస్తోంది, వెన్న కలిపారా అని చాలామంది మొహమాటంగా అడుగుతారు. కలపరు. ద్రాక్షలోని పుల్లటి మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు పుట్టే డయాసిటైల్ వాసన అది. కానీ వైన్‌ను తేటపరచడానికి కొందరు పాల కేసీన్, ఇంకొందరు చేప నుంచి తీసిన పదార్థం వాడతారు. కొందరు బెంటోనైట్ అనే బంకమట్టితోనే సరిపెడతారు. సీసా వెనక వీగన్ అని ఉంటే నిశ్చింత. లేకపోతే కొనే ముందే అడగండి. మాకూ తెలియకపోతే తయారీదారుకు రాసి కనుక్కుని చెబుతాం, రెండు మూడు రోజులు పట్టవచ్చు.