కాలిపర్‌కి రంగేస్తే బ్రేక్ పట్టెయ్యదా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, కాలిపర్లకి తుప్పు పట్టింది, ఇంట్లోనే పెయింట్ కొట్టేస్తా, ఇంక బ్రేక్ జామ్ అవ్వదు కదా?" షెడ్డుకి వచ్చేవాళ్లలో ఎంతమంది అడిగారో లెక్కలేదు. అవుతుందండీ. కాలిపర్ అంటే చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని రెండు పక్కలనుంచి ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం. బ్రేక్ జామ్ అయ్యేది పెయింట్ పడే చోట కాదు.

పోత ఇనుము కాలిపర్ మీద కనిపించే ఎర్ర తుప్పు చాలావరకు పైపైదే. చూడ్డానికి బాగోదు, అంతే. అసలు గొడవంతా లోపల: కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్ల మీద గ్రీజు ఎండిపోతుంది, ప్యాడ్‌ని నొక్కే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు బూటు చిరిగి నీళ్లూ మట్టీ చేరతాయి, ఏళ్ల తరబడి మార్చని బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని లోపలినుంచే తుప్పు తెస్తుంది. పైగా డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉంటే 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఆగాలి, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. అందుకే చాలా కార్లకి 2 ఏళ్లకోసారి మార్చమంటారు. రంగు డబ్బా కొనేముందు ఆ పని చూడండి.

ఈమధ్య ఒకాయన కారు ఒక పక్కకి లాగుతోందని, ముందు చక్రం దగ్గర కాలిన వాసన వస్తోందని తెచ్చారు. కాలిపర్లు ఎర్రగా మెరిసిపోతున్నాయి, రంగు కూడా నీట్‌గానే వేశారు పాపం. విప్పితే లోపలి ప్యాడ్ ఇనప ప్లేటు దాకా అరిగిపోయింది, బయటిది దాదాపు కొత్తదానిలాగే ఉంది. కింది పిన్ను బూటు చిరిగింది, ఆ చిరుగు మీదనుంచే రంగు కొట్టేశారు! పిన్ను ప్లయర్‌తో మెలితిప్పితే గానీ రాలేదు.

రంగు వద్దని కాదు, శుభ్రంగా వేసుకోండి. ప్యాడ్లు జారే గాడిలో, పిన్ల మీద, రబ్బర్ల మీద, బ్లీడర్ నిపుల్ (బ్రేక్ లైన్లో గాలి తీసే మర) మీద, డిస్క్ మీద మాత్రం పడకూడదు. చక్రం ఆనే హబ్ ముఖం మీద మందంగా పడితే, ఆ పొర నలిగాక వీల్ నట్లు లూజవుతాయి. విప్పిన కాలిపర్‌ని బ్రేక్ ఆయిల్ గొట్టానికి వేలాడదీయకండి, తీగతో కట్టండి. పిన్లకి సిలికాన్ గ్రీజు పెట్టండి, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది.

మామూలు స్ప్రే సరిపోతుందా అంటే, వేడికి పొక్కులొచ్చి ఊడుతుంది, వేడిని తట్టుకునేదే కొనండి. రంగేస్తే బ్రేకులు చల్లారవన్నది ఉత్త పుకారు, పల్చటి పొరతో ఏమీ కాదు. వాన పడ్డ మర్నాడు డిస్క్ ఎర్రబడిందని టెన్షన్ పడేవాళ్లున్నారు, నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది.

ఒకటి మాత్రం మర్చిపోకండి: పిస్టన్ వెనక్కి నొక్కి బిగించాక మొదటి తొక్కుకి పెడల్ నేలదాకా వెళ్లిపోతుంది. అది గట్టిపడేదాకా తొక్కాకే కారు కదపండి.