బ్రిటన్‌లో కొన్నది బ్రిటన్ సరుకు కాదు: బ్రెగ్జిట్ కస్టమ్స్‌పై అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో సరుకుల కస్టమ్స్ పత్రాలు సిద్ధం చేయడం నా వృత్తి. యూరోపియన్ యూనియన్ (ఈయూ) కస్టమ్స్ పరిధి నుంచి బ్రిటన్ బయటికి వచ్చిన 2021 జనవరి నుంచి ఒకే ప్రశ్న నన్ను వదలడం లేదు: "ఈయూతో సున్నా సుంకం ఒప్పందం కుదిరింది కదా, ఈయూ దేశమైన ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో సుంకం ఎందుకు కట్టమంటున్నారు?"

అపోహ: ఒప్పందం ఉంది కాబట్టి బ్రిటన్ నుంచి వెళ్లే దేనికీ సుంకం ఉండదు.

వాస్తవం: 2020 డిసెంబరు 24న కుదిరిన ఒప్పందంలోని సున్నా సుంకం, మూలదేశ నిబంధనల ప్రకారం బ్రిటన్‌లో తయారైనట్టు చూపించగలిగిన సరుకుకే. పైగా కస్టమ్స్‌కు వివరాలు తెలిపే డిక్లరేషన్ ప్రతి సరుకుకూ తప్పదు.

ఆ మొదటి నెలలోనే లండన్‌లో బట్టల దుకాణం నడిపే ఒక తెలుగాయన ఫోన్ చేశారు. డబ్లిన్‌లో బావమరిది దుకాణానికి కాటన్ కుర్తాలు పంపారు, సరుకు ఆగిపోయింది. "తమ్ముడూ, భారత్ నుంచి దించుకున్నప్పుడే ఇక్కడ సుంకం కట్టాను. రసీదు నా చేతిలోనే ఉంది" అన్నారు. గొంతు వణుకుతోంది. "అన్నా, ఒక కుర్తా తీసి మెడ లోపలి లేబుల్ చదవండి" అన్నాను. కాసేపు నిశ్శబ్దం. "మేడ్ ఇన్ ఇండియా" అన్నారు మెల్లగా. ఇన్వాయిస్‌లో మాత్రం మూలదేశం బ్రిటన్ అని రాశారు, ఇక్కడి నుంచి పంపుతున్నాను కదా అనుకుని. మోసం చేసే మనిషి కాదు. కానీ ఆ ఒక్క మాట జరిమానా దాకా తీసుకెళ్లగలదు. కాటన్ దుస్తులపై ఈయూ సాధారణ సుంకం 12 శాతం. ఇక్కడ ఒకసారి కట్టిన మనిషికి అక్కడ మళ్లీ అది. పెట్టె మార్చినా, కొత్త స్టిక్కరు అంటించినా మూలదేశం మారదు.

ఇది అధికారుల కక్ష అని వాట్సాప్‌లో తిప్పేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కస్టమ్స్ యూనియన్‌లోని దేశాలన్నీ బయటి సరుకుపై ఒకే సుంకం వేస్తాయి. అందుకే ఒక రేవులో సుంకం కట్టాక లోపల మళ్లీ అడిగేవారు ఉండరు. బయటికి వచ్చిన దేశం సుంకాలు తానే నిర్ణయించుకుంటుంది. తక్కువ సుంకం ఉన్నచోట దిగిన సరుకు పక్క దేశంలోకి జారిపోకుండా ఉండాలంటే, ఎక్కడ తయారైందని అడగక తప్పదు. బ్రెగ్జిట్ చర్చలు అన్నేళ్లు సాగడానికి ఈ ముడి ఒక పెద్ద కారణం. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌కూ ఈయూలోని ఐర్లాండ్‌కూ మధ్య సరిహద్దుకు మరో పరిష్కారం దొరికేదాకా బ్రిటన్ మొత్తాన్నీ ఈయూతో ఒకే సుంకాల పరిధిలో ఉంచే 'బ్యాక్‌స్టాప్'ను అప్పటి ప్రధాని థెరిసా మే తెచ్చారు. 2019 జనవరి 15న పార్లమెంటు ఆమె ఒప్పందాన్ని 432-202 ఓట్లతో తిరస్కరించింది. తర్వాత వచ్చిన బోరిస్ జాన్సన్ సొంత సుంకాల విధానాన్నే ఎంచుకున్నారు. కుర్తా లేబుల్ చదవాల్సిన అవసరం అక్కడే పుట్టింది.

అపోహ: కెమెరాలు, కంప్యూటర్లు ఉంటే సరిహద్దు కనబడకుండా పోతుంది.

వాస్తవం: నార్వే ఈయూ ఏక విపణిలో ఉంది కానీ కస్టమ్స్ యూనియన్‌లో లేదు. పొరుగున ఉన్న ఈయూ దేశం స్వీడన్‌తో సహకారం కూడా గట్టిదే. అయినా ఆ రెండు దేశాల సరిహద్దులోని స్వినెసుండ్ వద్ద కస్టమ్స్ కార్యాలయం ఉంది, లారీలు ఆగుతాయి.

అపోహ: ఉత్తర ఐర్లాండ్‌కూ ఇవే నియమాలు.

వాస్తవం: కావు. సరుకుల విషయంలో అక్కడ చాలావరకు ఈయూ నిబంధనలే. మిగతా బ్రిటన్ నుంచి వెళ్లి అక్కడే అమ్ముడయ్యే సరుకుకు 2023 నాటి విండ్సర్ ఒప్పందం గ్రీన్ లేన్, అంటే తక్కువ పత్రాలు, తనిఖీలతో వెళ్లే దారి ఇచ్చింది.

అపోహ: కొత్త చర్చలు జరుగుతున్నాయి, త్వరలో అంతా పాత రోజుల్లా అవుతుంది.

వాస్తవం: 2025 మేలో అంగీకారం కుదిరింది ప్రధానంగా ఆహార, మొక్కల తనిఖీలను తగ్గించే ఒప్పందంపై చర్చించడానికి. అది అమలైతే మేలే. కుర్తాలకు మాత్రం దానితో సంబంధం లేదు.

దిగులు పడేవారికి నేను చెప్పేది ఒకటే. సరుకు భారత్‌లో ఓడ ఎక్కకముందే నన్ను గానీ మరో ఏజెంటును గానీ అడగండి. ఐర్లాండ్‌కు పోవాల్సిన పెట్టెలను బ్రిటన్‌లో సుంకం కట్టకుండా కస్టమ్స్ పర్యవేక్షణలో ఉండే బాండెడ్ గోదాములో ఉంచి, సరుకు దేశం దాటిపోతోందని తెలిపే ట్రాన్సిట్ పత్రంపై పంపవచ్చు. సుంకం ఒక్కసారే పడుతుంది. ఆ తెలుగాయన ఇంతకన్నా నేరైన దారి ఎంచుకున్నారు. ఇప్పుడు తిరుప్పూర్‌లోనే డబ్లిన్ పెట్టెలు విడిగా కట్టిస్తున్నారు, పైన బావమరిది చిరునామాతో.